చిత్తాలుకి చిత్తాలు

తాపీకి ఆడచేయి పనికిరాదని మొట్టమొదట తీర్మానించిన మనిషి ఎవరు?

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన వినోదవనం కడుతున్న ఆ ఎండాకాలంలో ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. అక్కడ అందరినీ వేధించిన ప్రశ్న వేరు: మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారు? చుట్టుపక్కల ఊళ్ళలో తాపీ పట్టడం తెలిసిన మగవాళ్ళు దాదాపు అందరూ బెంగుళూరుకో చెన్నపట్నానికో వెళ్ళిపోయారు. అక్కడ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్నాయి. ఇక్కడ మాత్రం ఒక కొండ ఇనుపకడ్డీల పంజరంగా నిలిచిపోయింది. దానికి కోళ్ళ జాలీ చుట్టి, సిమెంటు పూసి, రంగు వేసి, పైనుంచి జలపాతం దూకించి, అడుగున గుహలో పిల్లలను పడవల్లో తిప్పాలని యజమాని జయచంద్ర సంకల్పం. ఆయనకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. దర్శనం చేసుకుని తిరుపతి కొండ దిగినవాళ్ళు తిన్నగా రైలెక్కి పోకుండా ఒక పూట తన దగ్గర ఆగాలని ఆయన కోరిక. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించాడు. ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి. పంజరం పంజరంగానే ఉంది.

సోమవారం ఉదయం, మేస్త్రీలను వెతకడానికి చంద్రగిరి వైపు, సత్యవేడు వైపు తిరిగిన జీపు వెనక్కి వచ్చింది. ఇంజనీరు హరినాథ్ షెడ్డు ముందు నిలబడి సెల్‌ఫోనులో యజమానితో మాట్లాడుతున్నాడు.

“లేదు సార్, ఒక్కరూ దొరకలేదు. జీపు ఖాళీగానే వచ్చింది.”

ఆయన వెనక జీపులోంచి ఆడవాళ్ళు దిగుతున్నారు. చేతిలో సద్ది క్యారియరు, భుజం మీద తలకు చుట్టుకునే పాత చీరముక్క. ఒకరి వెనక ఒకరు దిగుతూనే ఉన్నారు, ఆయన జీపు ఖాళీగా వచ్చిందని చెబుతూనే ఉన్నాడు. అబద్ధమాడుతున్నానన్న ఎరుక ఆయనకు లేదు. దిగినవాళ్ళు చిత్తాళ్ళు. మేస్త్రీ చేతికింద సిమెంటు కలిపి, చట్టికెత్తి మోసి, ఇటుక అందించి, పూసిన గోడకు నీళ్ళు పోసే ఆడకూలిని ఆ ప్రాంతంలో చిత్తాలు అంటారు. కూలికి చేరిన మగవాడు నాలుగు కాలాలు గడిచేసరికి తాపీ పడతాడు. చిత్తాలు మాత్రం చిత్తాలుగానే ముసలిదవుతుంది.

కొండ అడుగున, గుహ నోటి దగ్గర ఇసుక జల్లిస్తున్న నాగులమ్మకు ఆ ఫోను మాటలు వినబడ్డాయి.

“మేస్త్రీ, జీపు ఖాళీ అంట,” అన్నది. “దిగిందంతా గాలేమో సూడు.”

“గమ్మున జల్లించు మే,” అన్నాడు ఆదిమూలం, వక్క నములుతూ. కానీ నవ్వాడు.

ఆ పనిలో మిగిలిన ఒకే ఒక్క తాపీ మేస్త్రీ ఆదిమూలం. ఆయన వలస వెళ్ళకుండా ఆగిపోవడానికి కారణం ఊరిమీద మమకారం ఏమీ కాదు, కుడిభుజం. ఆ చేయి రొమ్ము ఎత్తు దాటి పైకి లేవదు. నాగులమ్మ కాపురానికి వచ్చిన సంవత్సరం నుంచి ఆయన దగ్గరే చిత్తాలు. కొత్త పని మొదలుపెట్టిన ప్రతిసారీ ఆయన తాపీకి పసుపు రాసి కుంకుమ పెడతాడు. ఆ పూట ఆడవాళ్ళు దానిని తాకకూడదు. అదే తాపీని ప్రతి సాయంత్రం కడిగి, తుడిచి, గుడ్డ చుట్టి సంచిలో పెట్టేది ఆమే. కడగడానికి ఆడచేయి పనికివచ్చింది.

ఆ రోజు గుహ కప్పు పూయాలి. ఆదిమూలం పరంజా ఎక్కాడు. మోచేతిని నడుముకు ఆనించి, మణికట్టుతో సిమెంటు ముద్దను పైకి విసిరాడు. అది జాలీని అంటకుండానే ఆయన చెంపమీద పడింది. తుడుచుకున్నాడు. మళ్ళీ విసిరాడు. ఈసారి మెడమీద పడింది. ఆయన దిగివచ్చి, ఎవరైనా వస్తున్నారేమోనని గుహ బయటికి చూశాడు.

“మే, ఆ పట్ట దించు.”

ఆమె టార్పాలిన్ పట్టను గుహ నోటికి అడ్డంగా దించింది. లోపల వెలుతురు నీలంగా మారింది. ఆదిమూలం ఆమె మొహం చూడకుండా తాపీని వెనక్కి చాపాడు.

“పైన రవంత నువ్వు కొట్టు. నేను కిందనుంచి సెప్తా ఉంటా.”

నాగులమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని పరంజా ఎక్కింది. మొదట పలచని సిమెంటు నీళ్ళు జాలీమీద చిలకరించింది. అది ఇంకా తడిగా మెరుస్తుండగానే ముద్ద తీసుకుని విసిరింది. పడింది. రెండో ముద్ద మాత్రం అంటుకుంది. మూడోదాన్ని విసరలేదు, తాపీ వీపుతో జాలీ కన్నుల్లోకి ఒత్తింది. అవతలి వైపుకు పొంగి పట్టుకునేదాకా ఒత్తి, అంచును కోసినట్టు లాగింది. కింద ఆదిమూలం చెబుతానన్న మాటలేవీ చెప్పలేదు. వక్క నమలడం ఆపి చూశాడు. కాసేపటికి మళ్ళీ నమలసాగాడు.

మధ్యాహ్నానికి మొదటి పూత బిగిసింది. దానిమీద రెండో పూత వేసి, అది పచ్చిగా ఉండగానే రాతిరూపం తేవాలి. నలిపిన ప్లాస్టిక్ కాగితం అద్దితే గరుకు వస్తుంది. గరిటె వీపుతో నొక్కితే పొరలు వస్తాయి. ఇనుప బ్రష్షుతో నిలువుగా గీస్తే నీళ్ళు కారిన చారలు వస్తాయి. పట్టకు ఒక చిరుగు ఉంది. దానిలోంచి నగరి కొండల పై అంచు కనబడుతోంది. నాగులమ్మ గీసే ముందు ఒకసారి అటు చూసి, తరువాత గీసింది.

సాయంత్రం హరినాథ్ పట్ట తొలగించుకుని లోపలికి వచ్చాడు. పరంజామీద ఆమెనూ, ఆమె చేతిలో తాపీనీ చూశాడు.

“ఏమప్పా ఆదిమూలం, ఇదేంది?”

“సెయ్యి సాయం సార్. నేను సెప్తా ఉండాను, ఆయమ్మ పూస్తా ఉండాది.”

హరినాథ్ కప్పును అరచేత్తో తడిమాడు. వేలి కణుపుతో తట్టి విన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

“సరే, లోపలే కదా. బయటికి కనపడదు. పట్ట మాత్రం తియ్యొద్దండి.”

“సార్,” అన్నది నాగులమ్మ పైనుంచి. “నాకొక చిత్తాలు కావల్ల.”

“ఎవరికి?”

“నాకు. నేను పైనుంటే కింద కలిపేదెవురు? అందించేదెవురు? నీళ్ళు కొట్టేదెవురు?”

హరినాథ్ కోపగించుకోలేదు. నిజంగానే నవ్వు వచ్చి నవ్వాడు. “చిత్తాలుకి చిత్తాలా అమ్మా?” అంటూ బయటికి వెళ్ళాడు. మరుసటి రోజు భోజనాల వేళకు ఆ మాట పనంతా పాకింది. ఇనుప కమ్మీ కట్టేవాళ్ళు ఆమెను చూసి, “చిత్తాలుకి చిత్తాలు, ఆమెకి ఇంగో చిత్తాలు, అట్ల వరస కడితే తిరపతి దాకా నీళ్ళు అందియ్యొచ్చబ్బా,” అన్నారు. నాగులమ్మ పచ్చిమిరపకాయ కొరికి, “మీకైతే ఇప్పుడే ఇద్దరు ముగ్గురుండారు గదా, అయినా ఆ కమ్మీ వంకరే,” అన్నది. వాళ్ళు నవ్వారు. ఆమెకు చిత్తాలు మాత్రం రాలేదు.

ఆమెకు కావలసినది ఏమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. వానలు వెళ్ళాక అక్కడే రెండో కొండ మొదలవుతుంది. దాని దగ్గర ఆమె మేస్త్రీగా నిలబడాలి. ఈ గుహ కప్పు కుదిరితే అలా అడగడానికి ఆమెకొక ఆధారం ఉంటుంది. కుదరకపోతే, కాళ్ళు ఆడినంతకాలం చట్టి మోయవలసిందే.

మంగళ, బుధవారాలు ఆమె ఇద్దరి పని చేసింది. దిగి సిమెంటు కలిపేది. చట్టి తలకెత్తుకుని తానే పరంజా ఎక్కేది, తానే దించుకునేది, తానే పూసేది. ముద్ద బిగుసుకునే లోపల మళ్ళీ దిగేది. సాయంత్రం, ముందురోజు పూసిన భాగం మీద కుండతో నీళ్ళు ఎగజల్లేది. ఆ నీళ్ళు సగం ఆమె నెత్తిమీదే పడేవి. ఆదిమూలం నీళ్ళతొట్టి పక్కన బోర్లించిన డ్రమ్ముమీద కూర్చునేవాడు. ఆ తొట్టి ఆయన చేతికందే దూరంలో ఉండేది. ఆయన చెడ్డవాడని కాదు. తన వక్కపొడిలో ఆమెకు భాగం పెట్టకుండా ఆయన ఏనాడూ నమలలేదు. కానీ ఆయన బతుకులో ఒక గోడకు నీళ్ళు పోసిన రోజు లేదు. మేస్త్రీ పూస్తాడు, మరునాడు వచ్చేసరికి గోడ తడిసి ఉంటుంది. ఎలా తడిసిందన్నది ఆయన ఆలోచించవలసిన విషయం ఎప్పుడూ కాలేదు.

గురువారం పడవ కాలువ మీది భాగంతో కప్పు పూర్తయింది. చివరి చార గీసి నాగులమ్మ దిగింది. తొట్టి దగ్గరకు వెళ్ళి కుండ ముంచబోయి, ఆగింది.

“మేస్త్రీ, కప్పుకు నీళ్ళు కొట్టల్ల.”

“కొడతార్లే మే.”

“ఎవురు?”

“ఎప్పుడూ కొట్టేవోళ్ళే.”

ఆయన ఆ మాట ఎగతాళికి అనలేదు. అదే ఆమెను గుచ్చింది. ఆమె కుండను తొట్టి అంచుమీద పెట్టింది. నీళ్ళు పోయడం మేస్త్రీ పని కాదు. కప్పు మొత్తం పూసిన మనిషి తానైతే నీళ్ళు పోయవలసిన మనిషి ఇంకెవరో. ఆ ఇంకెవరినో పంపించవలసిన వాళ్ళు పంపించలేదు. ఆమె చేతులు కడుక్కుని, క్యారియరు తీసుకుని, జీపు వైపు నడిచింది.

శుక్రవారం ఎండ మండిపోయింది. కొండల మీదుగా వడగాలి వచ్చి పట్టను ఊపుతూ గుహలోకి దూరింది. నాగులమ్మ పక్కగోడలకు రాతిపొరలు దిద్దుతూ తల ఎత్తి చూసింది. కప్పు రంగు మారుతోంది. ముదురు బూడిద రంగు అంచులనుంచి తెల్లబడుతూ నడిమికి వస్తోంది. అటు వెళుతున్న హరినాథ్‌ను పిలిచింది.

“సార్, కప్పు ఆరిపోతా ఉండాది. నీళ్ళకి మనిషిని పంపీండి.”

“ఆదిమూలానికి చెప్పమ్మా. మేస్త్రీ ఆయన కదా,” అని ఆయన ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆదిమూలం విన్నాడు. తొట్టిలోని నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. కుండ తొట్టి అంచుమీదే ఉంది. శనివారం కప్పంతా తెల్లగా ఉంది. నాగులమ్మ దానిని చూసింది. చూసి తల దించుకుని తన పొరలు తాను దిద్దుకుంది. ఆమె కావాలని పాడుచేయలేదు. కానీ కాపాడనూ లేదు. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో ఆమెకు తెలుసు, అందుకే ఆ రోజు సద్ది ముట్టలేదు. ఆదివారం పని లేదు.

సోమవారం జయచంద్ర తెల్లకారులో వచ్చాడు. బూట్లకు సిమెంటు అంటకుండా పలకల మీద అడుగులు వేసుకుంటూ గుహలోకి వచ్చాడు. హరినాథ్ ముందుగానే పట్ట ఎత్తించాడు. వెలుతురు లోపలికి పడి, కప్పుమీది పొరలూ చారలూ నీడలతో సహా నిలిచాయి. జయచంద్ర తల వెనక్కి వాల్చి చూశాడు.

“అచ్చం మన కొండరాయే. ఎవరప్పా చేసింది?”

“మనమే సార్,” అన్నాడు ఆదిమూలం, చేతులు కట్టుకుని. “ఇదేమాత్రం పని.”

నాగులమ్మ పరంజా పక్కన నిలబడి ఉంది.

“పంపు వెయ్యి, చూద్దాం,” అన్నాడు జయచంద్ర.

పైన నీళ్ళు పారిన చప్పుడు వినబడింది. గుహ నోటి ముందు జలపాతం తెరలా దిగింది. బయట ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తరువాత కప్పు నడిమి భాగంలో సన్నటి గీతలు నల్లబడ్డాయి. గీతలు ఒకదానినొకటి కలుపుకుని వలలా వ్యాపించాయి. నీటిచుక్కలు యజమాని చొక్కామీద రాలాయి. చివరకు పళ్ళెమంత పెచ్చు ఒకటి ఊడి కాలువలో పడింది. ఎవరికీ తగలలేదు. పంపు ఆగిన తరువాత నిశ్శబ్దంలో హరినాథ్ కర్రతో కప్పును తట్టాడు. చాలాచోట్ల బోలుగా మోగింది.

“ఎవరు చేసినారు ఇది?” అని జయచంద్ర మళ్ళీ అడిగాడు. ప్రశ్న అదే. గొంతు వేరు.

“కప్పు నాది గాదు సార్,” అన్నాడు ఆదిమూలం. “నా సెయ్యి పైకి లేయదు, అందరికీ తెలుసును. ఆయమ్మ పూసింది.”

“ఆడమనిషి చేత కప్పు పూయించినావా?”

ఆ మాట అన్నది హరినాథ్. యజమాని పక్కనే నిలబడి అన్నాడు, మొదటిసారి వింటున్నవాడిలా.

ఆమె ఏడుస్తుందని, లేదా ఒట్టు పెట్టుకుంటుందని వాళ్ళు ముగ్గురూ ఎదురుచూశారు. నాగులమ్మ ముందుకు వచ్చింది.

“ఔ సార్, నేనే పూసినాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా కప్పంతా నాదే. పగులూ నాదే.”

ఆమె కొంగు బిగించుకుంది.

“నీళ్ళు లేక పగిలింది. నీళ్ళు పోసేది చిత్తాలు పని. నేను చిత్తాలునైతే కప్పు నేను పూయలేదు. చిత్తాలు యాడన్నా కప్పు పూస్తాదా? మేస్త్రీనే అడగండి. నేను మేస్త్రీనైతే నా చిత్తాలు యాడ? అడిగితే నవ్వినారు. రెంట్లో ఏదో ఒకటి సెప్పండి సార్. దాన్నిబట్టి నేను జవాబు సెప్తాను.”

హరినాథ్ ఆదిమూలాన్ని చూశాడు. ఆదిమూలం కాలువలో పడిన పెచ్చును చూశాడు. జయచంద్ర తన చొక్కామీది తడి మరకను చూసుకుని, రుమాలుతో అద్దుకున్నాడు.

“ఎవరైతేనేం హరినాథ్. పగిలినంతమేరా కొట్టేసి మళ్ళీ పూయించు. ఆయమ్మకి ఏం కావాలో ఇచ్చెయ్. ముహూర్తానికి నాకు కొండ కావాలి.”

దానిని న్యాయం అని ఎవరూ పొరబడకూడదు. మిక్సరుకు డీజిలు పోయించమని చెప్పవలసివచ్చినా ఆయన ఆ గొంతుతోనే చెప్పేవాడు. అయినా ఆయన కారు కదిలిన తరువాత హరినాథ్ బయటికి వెళ్ళి, కంకర మోస్తున్న ఒకామెను పిలిచాడు. “ఏమ్మా, నీ పేరేంది? అమలా? ఆ చట్టి అక్కడ పెట్టేసి ఇటు రా. ఈ మేస్త్రీ దగ్గర ఉండు.”

మేస్త్రీ అన్న ఆ పదం ఆయన నోట అలవాటుకొద్దీ వచ్చిందో, అలసటకొద్దీ వచ్చిందో. ఏదైతేనేం, వచ్చింది. నాగులమ్మ విన్నది. కమ్మీ కట్టేవాళ్ళూ విన్నారు. ఈసారి ఎవరూ వరసలు కట్టలేదు.

అమల సత్యవేడు వైపు మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. వేరుశెనగ ఎండిపోయి పొలంపని లేకపోవడంతో ఖాళీ అనిపించుకున్న ఆ జీపులోనే వచ్చింది. తాపీపని దగ్గరకు రావడం ఆమెకు కొత్త. నాగులమ్మ సుత్తితో బోలు మోగిన భాగాన్ని రాలగొడుతుంటే, అమల పెచ్చులు ఏరి బయటికి మోసింది. జాలీని నీళ్ళతో కడిగింది. ఇసుక ఎంత, సిమెంటు ఎంత అని ఒక్కసారే అడిగింది. రెండో చట్టికి అడగవలసిన అవసరం రాలేదు. నాగులమ్మ ఖాళీ చట్టి దించేలోపు నిండు చట్టి పరంజా అంచుమీద ఉండేది. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే కుండ పట్టుకుని, పూత గట్టిపడిన మేరకే, పైకి కాక పక్కలనుంచి జారేలా నీళ్ళు వదిలింది. మరుసటి రోజు ఉదయం కప్పు ముదురు రంగులోనే ఉంది. నాగులమ్మ అరచేయి ఆనించి, ఆ చల్లదనాన్ని కొంతసేపు అలాగే ఉంచుకుంది.

బుధవారానికి కప్పు మళ్ళీ పూర్తయింది. గుహ మూలలో, నేలకు దగ్గరగా, మూరెడు పక్కగోడ మాత్రం మిగిలింది. సద్ది తిన్న తరువాత నాగులమ్మ తిరిగి వచ్చేసరికి, ఒక పగిలిన ఇటుకమీద మిగిలిపోయిన సిమెంటు ముద్ద కనబడింది. ఎవరో దానిమీద గరిటె వీపుతో పొరలు నొక్కారు. సన్నపుల్లతో చారలు గీశారు. అరచేతిలో పట్టే కొండ. అందులో ఒక పొర కింద నీడపడేలా లోపలికి తొలిచిన తీరు నాగులమ్మ చేసిన తీరు కాదు.

“నువ్వే చేసినావా?”

“ఊరికినే అక్కా,” అన్నది అమల. తరువాత అడిగింది: “అక్కా, ఆ మూల నేను రవంత పూసేదా? కిందనే గదా, ఎవురికీ కనపడదు.”

నాగులమ్మ చేతిలోని తాపీ అంచుకు అంటిన సిమెంటును బొటనవేలితో గీకింది. బయట హరినాథ్ గొంతు వినబడుతోంది. ఎవరితోనో రెండో కొండ సంగతి మాట్లాడుతున్నాడు.

“నీకు రాదు,” అన్నది.

“సూస్తే వస్తాది గదక్కా. నువ్వు మాత్రం సూసే గదా నేర్సుకునింది.”

“పని కాడ అక్క గాదు. మేస్త్రీ అను.”

అమల ఆమె మొహంలోకి చూసింది. నవ్వుతుందేమోనని కొంచెం ఆగింది. నాగులమ్మ నవ్వలేదు. అమల ఇటుకను వంచింది. ఇంకా పచ్చిగానే ఉన్న ఆ చిన్న కొండ జారి, పెచ్చుల గంపలో పడింది. ఆమె కుండ తీసుకుని తొట్టి దగ్గరకు వెళ్ళింది.

నాగులమ్మ ఆ మూలను తానే పూసింది. నున్నగా, తొందరగా, బాగానే పూసింది. పని ముగించి బయటికి వచ్చేసరికి ఆదిమూలం గుహ ముందరి దిమ్మెమీద కూర్చుని ఉన్నాడు. జరిగినదంతా ఆయన విన్నాడు. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చి, వక్కపొడి చేతిలో పోశాడు. ఆమె కూర్చున్నది. లోపల కప్పుమీదినుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు వాళ్ళిద్దరికీ వినబడుతూనే ఉంది. ఎవరు పోస్తున్నారో తిరిగి చూడవలసిన అవసరం ఇద్దరికీ కలగలేదు.

చదువుతున్న మీకు ఇప్పుడు నాగులమ్మమీద కోపం వచ్చి ఉంటుంది. హరినాథ్‌మీద వచ్చినదానికంటే ఎక్కువగానే వచ్చి ఉంటుంది. దానిని అలాగే ఉంచుకోండి, కానీ ఇంట్లో కూర్చుని ఉంచుకోకండి. మీ వీధిలో ఎక్కడో ఒక ఇల్లు లేస్తూ ఉంటుంది. అది మీ ఇల్లే కూడా కావచ్చు. రేపు ఉదయం అక్కడికి వెళ్ళండి. చట్టి మోస్తున్న ఆమె పేరు ఏమిటో ఆమెనే అడగండి. ఒక గోడ, ఒక్క గోడ, ఆమె చేత పూయించమని మేస్త్రీతో చెప్పండి. ఆమెకు నీళ్ళు అందించే మనిషిని కూడా మీరే పెట్టండి. మేస్త్రీ నవ్వుతాడు. బహుశా ఆమె కూడా నవ్వుతుంది. వాళ్ళు నవ్వడం ముగించి, తాపీ ఆ చేతినుంచి ఈ చేతికి మారేదాకా మీరు అక్కడినుంచి కదలకండి.